ఏడింటి టీ

సంపూర్ణమ్మ లేసు దుప్పటిని నవారు మంచం మీద పరిచి, కళ్ళజోడు సర్దుకుని, చూపుడువేలితో ఒక్కో వరసా తడుముకుంటూ పోయింది. సగానికి వచ్చేసరికి వేలు ఆగింది.

"ఏంటే తబితా ఇది?"

తబిత గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది. ఆ ప్రశ్న పక్క వీధిలో ఇంకెవర్నో అడుగుతున్నట్టు వినపడింది ఆమెకి.

"నాలుగు చోట్ల అతకాల్సిన పువ్వుని మూడు చోట్లే అతికావు. ఇక్కడ ఐదు గొలుసులు ఉండాలా? లెక్కపెట్టు, ఎనిమిదున్నాయి. ఇదిగో ఇది చూడు, పువ్వే తిరగేసుంది. నా ఖర్మ కాకపోతే ఏంటి చెప్పు! నీ అతుకు చూసి నేర్చుకోండే అని ఊరూరా చెప్పుకున్నదాన్ని."

చెప్పుకోవడమే కాదు, అది నిజం కూడాను. చుట్టుపక్కల నాలుగూళ్ళ ఆడవాళ్ళు పువ్వులు అల్లి ఇస్తే, వాటన్నిటినీ ఒక్క దుప్పటిగా అతికే పని సంపూర్ణమ్మ తబిత చేతికే ఇస్తుంది. అల్లడం ఎవరైనా అల్లుతారు. అతకడానికి చెయ్యి కుదురుగా ఉండాలి. ఒక్క గొలుసు ఎక్కువైతే ఆ మూల ఉబ్బుతుంది, ఒక్కటి తగ్గితే లాక్కుపోతుంది. ఇరవై ఏళ్ళలో తబిత అతికిన దుప్పటి ఒక్కటీ తిరిగి రాలేదు.

"కళ్ళు కనపడ్డం లేదా?"

"కనపడుతున్నాయండి. నిద్రండి. టీ తాగి కూచుంటే చాలు, సూది పట్టుకునే తూలిపోతున్నాను."

సంపూర్ణమ్మ గొంతు మెత్తబడింది. "ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదన్నారు. కడుపుకోతకి నిద్ర పట్టడం కూడా ఒక అదృష్టమే తల్లీ. మా తోడికోడలు కొడుకు పోతే ఆర్నెల్లు రెప్ప వెయ్యలేదు. కానీ ఇలా ఉంటే ఇది విదేశాలకి ఓడెక్కదే. ఇదిగో ఈ ఎర్ర దారం ముడి ఉందే, ఇక్కణ్ణించి విప్పేసి మళ్ళీ అతుకు. శనివారానికి ఇచ్చెయ్." దుప్పటి మడతపెట్టి చేతికిస్తూ ఆగింది. "గురువారం ఎంక్వైరీ అంటగా. ఇప్పటికి రెండు వాయిదాలు ఎగ్గొట్టావు. ఇదే ఆఖరంట. ఈసారన్నా వెళ్ళి చెప్పవే, నీ కూతురు నీకు ఫోన్లో ఏం చెప్పిందో."

"వెళ్తానండి" అంది తబిత. పోయినసారీ అదే అంది.

ఆ రెండు వాయిదాల రోజులూ ఆమె పడుకునే ఉంది. లేచేసరికి ఎండ పెరట్లోంచి వీధిలోకి వచ్చేసింది. రొయ్యల ప్లాంటులో గ్యాసు లీకై ముగ్గురు ఆడపిల్లలు పోతే, అందులో ఒకతి తన దీవెన అయితే, వాయిదా రోజున తల్లి గుర్రుపెట్టి నిద్రపోయింది. ఊళ్ళో కొందరు జాలిపడ్డారు. కొందరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గుసగుసలాడారు. తబితకి సిగ్గు వెయ్యలేదు, ఏడుపు రాలేదు. ఆమెకి ఏదీ రావడం లేదు. చెయ్యి మీద ఈగ వాలితే తోలాలన్న సంగతి కూడా కాసేపటికి గుర్తొచ్చేది.

మంగళవారం పొద్దున్న ఏడింటికి తబిత మొగుడు శ్యాంబాబు టీ గ్లాసు పట్టుకొచ్చి ఆమె పక్కన పెట్టాడు. ప్లాంటు వాచ్‌మాన్ యూనిఫాం వేసుకుని, తల దువ్వుకుని, గుమ్మంలో నిలబడ్డాడు.

"తాగు. చల్లారిపోద్ది."

పెళ్ళయిన ఇరవై రెండేళ్ళలో ఆ మనిషి పొయ్యి ముట్టుకున్న పాపాన పోలేదు. మంచినీళ్ళ చెంబు కూడా చేతికందించాల్సిందే. అలాంటివాడు దీవెనని సమాధి చేసిన మూడోనాటి నుంచి రోజూ పొద్దున్నే లేచి టీ కాస్తున్నాడు. అల్లం దంచి వేస్తాడు. పంచదార రెండు చెంచాలు ఎక్కువే వేస్తాడు. ఆమె ఆఖరి గుక్క తాగేదాకా నిలబడి, గ్లాసు తనే కడిగి బోర్లించి మరీ డ్యూటీకి వెళ్తాడు. చర్చిలో ఆడవాళ్ళు చెప్పుకున్నారు, శ్యాంబాబు ఎంత మారిపోయాడమ్మా అని. తబితకి కూడా, మొద్దుబారిన ఆ మనసులో ఎక్కడో ఒక మూల, ఆ గ్లాసు ఒక్కటే వెచ్చగా తగిలేది.

తాగింది. ఆయన గ్లాసు కడిగి వెళ్ళిపోయాడు.

అరుగు మీద చాప వేసుకుని విప్పడానికి కూర్చుంది. అతకడం కంటే విప్పడం తేలిక, కళ్ళు మూతలు పడుతున్నా చేతులు చేసుకుపోతాయి. కొస దొరకబుచ్చుకుని లాగితే గొలుసులు టపటపా ఊడిపోతాయి. ఊడిన పువ్వుని పక్కన పెట్టి, దారాన్ని వేలికి చుట్టుకోవడమే. మధ్యాహ్నం దాకా తూలుతూ, ఉలిక్కిపడి లేస్తూ విప్పింది. ఎండ తిరిగాక తల కాస్త తేరుకుంది. అప్పుడు ముళ్ళు చూసింది.

అది ఆమెకి తల్లి నేర్పిన అలవాటు. ఏ రోజు పని ఆ రోజు ఆపేటప్పుడు, ఆగిన చోట చిన్న నీలం దారం ముడి వేస్తుంది. శనివారం మాత్రం ఎర్ర దారం, మర్నాడు ఆదివారం పని ముట్టుకోరు కనక. దుప్పటి అంతా అయ్యాక ఆ ముళ్ళు కత్తిరించేస్తారు. ఎన్ని రోజులు పట్టిందో తెలియడానికి అది ఆడవాళ్ళ గుర్తు, అంతే. మగవాళ్ళ కంటికి అవి కనపడవు. లేసంటే వాళ్ళకి ఆడవాళ్ళు పొద్దుపుచ్చుకునే వ్యవహారం.

తబిత వేలు పెట్టి లెక్కపెట్టింది. సంపూర్ణమ్మ చూపించిన ఎర్రముడి తర్వాత సోమ, మంగళ, బుధ, గురు. ముడికీ ముడికీ మధ్య మొదటి సగం పని వంకర, రెండో సగం కాస్త తిన్నన. పొద్దుటి పని పాడు, సాయంత్రం పని బాగు. ప్రతిరోజూ అంతే. గురువారానికి వచ్చేసరికి అసలు పనే లేదు. రెండే రెండు పువ్వులు, రెండూ తిరగేసి. అది మొదటి వాయిదా రోజు.

ఇంకో రెండు ఎర్రముళ్ళు దాటింది. మళ్ళీ గురువారం. ఆ రోజు ఒక్క పువ్వు. అది రెండో వాయిదా.

ఆ రెండింటికీ మధ్య వారంలో మూడు ముళ్ళ మేర పని చూసి ఆమె చెయ్యి నిలిచిపోయింది. మంగళ, బుధ, గురు. పువ్వు పువ్వుకీ నాలుగు అతుకులు, అతుక్కి ఐదు గొలుసులు, గీత గీసినట్టుంది. దీవెన పోకముందు ఆమె చేసిన పనిలా ఉంది. ఆ మూడు రోజులూ ఏం జరిగింది? గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు పట్టింది. శ్యాంబాబు మేనత్త పోయిందని తుని వెళ్ళాడు. మూడు రోజులు లేడు. టీ తనే కాచుకుంది.

కొబ్బరాకుల నీడ చాప మీద కదులుతోంది. తబిత ఆ తిన్నని వరసల్ని అరచేత్తో నిమిరింది. 'అలాగా' అనుకుంది. అంత మొద్దుబారి ఉంది మనిషి. విప్పాల్సిన వరసల్లోవే అయినా ఆ మూడు రోజుల పనినీ విప్పకుండా వదిలేసింది.

బుధవారం పొద్దున్న గ్లాసు అందుకుని, ఒక గుక్క నోట్లో పోసుకుని, పొలమారినట్టు దగ్గుకుంటూ పెరట్లోకి వెళ్ళింది. కొబ్బరిమొక్క మొదట్లో ఉమ్మి, మిగిలింది మెల్లగా వంచింది. గ్లాసు అడుగున తెల్లటి నుసి ఉంది. వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంటే చేదు. మరి రెండు చెంచాల పంచదార ఎక్కువెందుకు వేస్తాడనుకున్నావే పిచ్చిదానా, అనుకుంది.

"ఏమైందే?" గుమ్మంలోంచి అడిగాడు శ్యాంబాబు.

"అల్లం గొంతుకి పట్టిందండి. తాగేశాను."

ఆయన గ్లాసు తీసుకుని కడిగాడు. బోర్లించేముందు వేలితో అడుగు రుద్దాడు. రోజూ రుద్దుతాడు. ఎంత శుభ్రంగా కడుగుతున్నాడో అని ఆమె ముచ్చటపడిన రోజులు కూడా ఉన్నాయి.

మధ్యాహ్నానికి తల పగిలిపోవడం మొదలైంది. చేతులు వణికాయి. సూది కొక్కెం దారానికి తగలదు. చీర కొంగు తలకి బిగించి కట్టుకుని, సెంటర్లో అబ్బులు మందుల షాపుకి నడిచింది.

అబ్బులు పెళ్ళికి మునుపు శ్యాంబాబు వెంట తిరిగినవాడు. అద్దం వెనకనుంచి తల ఎత్తి, "ఏంటి తబితక్కా, అప్పుడే అయిపోయాయా? మొన్ననే గదా బావ రెండు షీట్లు పట్టుకెళ్ళాడు" అన్నాడు.

"ఏవి?"

"నీ నిద్రమాత్రలే. అవి చీటీ లేకుండా ఇవ్వకూడదక్కా, తెలుసుగా. పిల్ల పోయిన ఇల్లు గదా అని ఇస్తున్నాను. గవర్నమెంటు డాక్టరు గారు రాసింది రోజుకి సగం బిళ్ళ, పది రోజులే. నువ్వేమో ఈమధ్య రెండేసి వేసుకుంటున్నావంట. కాస్త తగ్గించుకో. అలవాటైతే వదలవవి."

ఆ సగం బిళ్ళ సంగతి కూడా ఆమెకి తెలీదు. డాక్టరు ఏదో రాశాడని, శ్యాంబాబు తెచ్చాడని లీలగా గుర్తు.

"తలనొప్పికి ఇవ్వు" అంది.

ఇంటికొచ్చి బిళ్ళ మింగింది. పని చేస్తే సర్దుకుంటుందని చాప మీద కూర్చుని, నీలం దారం కోసం డబ్బా తీసింది. అది పాత బిస్కెట్ల డబ్బా. దారపుండలు, సూదులు, ఊడిన గుండీలు, బట్టలుతికేటప్పుడు జేబుల్లో దొరికిన సమస్తం అందులోకే. ఉండ కోసం అడుక్కంటా చెయ్యి పెట్టి కెలికితే వేళ్ళకి బరువుగా ఏదో తగిలింది. పెద్ద తాళంచెవి. ఇనప రింగు, రింగుకి రేకు బిళ్ళ, బిళ్ళ మీద రెండు అంకె.

అప్పుడు, పొరలు పొరలుగా, వచ్చింది.

సమాధి చేసిన మర్నాడు శ్యాంబాబు చొక్కా ఉతికింది. ఎవరు చెప్పినా వినకుండా ఉతికింది, ఆ చొక్కాతోనే ఆయన పిల్లని ఎత్తుకొచ్చాడు కనక. జేబులో ఈ తాళంచెవి దొరికితే అలవాటు కొద్దీ డబ్బాలో పడేసింది. తర్వాత ఆయన అడిగాడు, ఒకసారి కాదు చాలాసార్లు. "నా చొక్కాలో ఏమన్నా దొరికిందా?" అని. అప్పటికే టీ మొదలైంది. ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆ తర్వాత దీవెన గొంతు వచ్చింది. ఇన్నాళ్ళూ దూదిలో చుట్టినట్టున్న గొంతు, ఇప్పుడు చెవిలో పెట్టి చెప్పినట్టు. "అమ్మా, వెనక గేటు తాళం వేసుందమ్మా. నాన్నకి చెప్పు. నాన్నకి చెప్పమ్మా." భయమేసి తండ్రిని తలుచుకుందనుకుంది తబిత. అందరికీ అలాగే చెప్పింది. కానీ ఆ పిల్ల భయానికి పిలవలేదు. తాళం ఎవరి దగ్గరుందో తెలిసి పిలిచింది.

తను వెంటనే ఆయనకి ఫోన్ చేసింది. మూడోసారికి ఎత్తాడు. "వస్తున్నా, వస్తున్నా" అన్నాడు. ఆయన వెనకాల గిన్నెల చప్పుడు వినపడింది, ఎవరో పార్సిలు అని అరుస్తున్నారు. తర్వాత ఊళ్ళో అందరికీ ఆయన చెప్పింది మాత్రం, ముందు గేటు దగ్గరే ఉన్నాను, వెనక గేటు తీసే ఉంది అని. కంపెనీ వాళ్ళూ అదే చెప్పారు. కాదనేవాళ్ళెవరు? షెడ్డులో రొయ్యలు వలిచే మిగతా పిల్లలంతా శ్రీకాకుళం వైపు వాళ్ళు, వారం తిరక్కుండా బస్సెక్కించి పంపేశారు.

తబిత తాళంచెవిని పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. బాధ మొదలైంది. తలనొప్పి కాదది. రెండున్నర నెలలుగా బయట గుమ్మంలో కాచుకున్న బాధ, తలుపు తియ్యగానే తోసుకుని లోపలికొచ్చింది. ఓరి దేవుడా అని చాప మీదకి ఒరిగిపోయింది. దాన్ని ఓర్చుకోవడం కంటే ఆ చేదు గ్లాసు నయమనిపించింది. నిజంగా అనిపించింది.

గురువారం ఏడింటికి టీ వచ్చింది. అల్లం వాసన ఎక్కువగా ఉంది.

తబిత గ్లాసుని రెండు చేతులా పట్టుకుంది. నిన్నటి నుంచీ దీవెన గొంతు ఆగలేదు. ఇది తాగితే పది నిమిషాల్లో ఆగుతుంది. లేచేసరికి సాయంత్రమవుతుంది, ఆఖరి వాయిదా కూడా దాటిపోతుంది, ఇంక ఎవ్వరూ ఏమీ అడగరు. గ్లాసు పెదాల దాకా వెళ్ళింది.

"ఈవేళ గురువారం కదండీ" అంది.

శ్యాంబాబు గోడవైపు చూశాడు. "మనకెందుకే ఇంక? పోయిన పిల్ల తిరిగొస్తదా? కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుద్ది. తాగి పడుకో."

ఆయన కళ్ళకింద నల్లగా ఉంది. గడ్డం మీద బ్లేడు గాటు. ఆయన నిద్రపోయి ఎన్నాళ్ళయిందో అని అప్పుడు తట్టింది తబితకి. తనని నిద్రపుచ్చి ఆయన మేలుకుని ఉన్నాడు. జాలి వేసింది, ఆ జాలి వెనకే కోపం వచ్చింది, రెండూ ఒకదాన్నొకటి తోసుకున్నాయి. వీధిలో ప్లాంటు జీపు హారన్ కొట్టింది. ఆయన అటు తిరిగాడు. ఆ తిరిగినంతసేపట్లో గ్లాసు చాప పక్కనున్న దారాల గిన్నెలోకి వంపేసింది. ఖాళీ గ్లాసు చేతికిచ్చి, కొంగు కప్పుకుని, గోడవైపు తిరిగి పడుకుంది.

జీపు చప్పుడు దూరమయ్యాక లేచింది. ముఖం కడుక్కుంది. చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుని, తాళంచెవి కొంగున ముడివేసుకుని, నరసాపురం ఆటో ఎక్కింది.

ఆఫీసు గదిలో ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. బల్ల వెనక ఎంక్వైరీ చేసే మేడం, ఎదురుగా కుర్చీలో ప్లాంటు మేనేజరు బంగార్రాజు. గుమ్మం పక్కన, కంపెనీ తరపు సాక్షిగా, టోపీ చేత్తో పట్టుకుని శ్యాంబాబు. తబిత లోపలికి అడుగుపెట్టేసరికి ఆయన చేతిలో టోపీ కింద పడింది. వంగి తీసుకోలేదు.

"మీరేనా తబిత? రెండుసార్లు నోటీసు పంపాం. ఎందుకు రాలేదు?" అంది మేడం.

"నిద్రపోయానండి."

బంగార్రాజు ముందుకి వంగాడు. "అదేనండి మేడం నేను చెప్పేది. పాపం, కూతురు పోయిన దగ్గర్నుంచీ ఆవిడ పరిస్థితి బాలేదు. నిద్రమాత్రల మీదే ఉంటుందండి. రోజుకి రెండు. ఏం మాట్లాడుతుందో ఆవిడకే తెలీదు. ఆ ఫోను విషయం కూడా..."

"రోజుకి రెండా?" అంది తబిత. ఆమె గొంతు ఆమెకే కొత్తగా ఉంది. "నాకు నిన్న తెలిసిందండి ఆ సంగతి. మీకెప్పుడు తెలిసిందండి, సారూ?"

బంగార్రాజు గుమ్మంవైపు చూశాడు. మేడం కూడా అటే చూసింది. తర్వాత పెన్ను తీసింది.

"మీ అమ్మాయి ఏం చెప్పిందో చెప్పండి."

తబిత చెప్పింది. ముక్క ఎక్కువ కాకుండా, తక్కువ కాకుండా, దీవెన అన్నది అన్నట్టే చెప్పింది. నాన్నకి చెప్పమ్మా అన్నదీ చెప్పింది. ఫోన్లో పది గంటల ఎనిమిది నిమిషాలకి వచ్చిన కాల్ చూపించింది. తర్వాత కొంగుముడి విప్పబోయింది. ముడి ఊడడానికి సేపు పట్టింది. తాళంచెవి బల్లమీద పెట్టినప్పుడు రేకు బిళ్ళ టంగుమంది.

"ఇది రెండో గేటు తాళమండి, వెనక గేటుది. మా ఆయన చొక్కా జేబులో దొరికిందండి. పిల్లని మట్టి చేసిన మర్నాడు. తాళం వేసింది మా ఆయనేనండి. ఎవరు వెయ్యమంటే వేశాడో ఆయన్నే చెప్పనివ్వండి."

"మేడం, ఇలాంటివి రికార్డు చెయ్యకండి" అని బంగార్రాజు లేచాడు. మేడం ఆయన్ని కూర్చోమంది.

శ్యాంబాబు గోడకి చేరబడ్డాడు.

"నేనేనండి. పిల్లలు మధ్యలో బయటికి పోతున్నారు, రొయ్యలు దాచుకుపోతున్నారు అని, షిఫ్టు ఎక్కగానే వెనక గేటుకి తాళం వెయ్యమన్నారండి ఈ సారు. రోజూ వేస్తాను. వేసి అక్కడే ఉంటాను. ఆ రోజు..." ఆగాడు. "ఆ రోజు పెసరట్టు తెమ్మన్నారండి. ఉప్మా వేసి. తాళం జేబులోనే ఉండిపోయింది. ఇంటిది ఫోన్ చేసేసరికి పార్సిలు కడుతున్నారండి." తబితవైపు చూడకుండా, టోపీ పడ్డ చోటు చూస్తూ అన్నాడు. "ఈవిడికి గుర్తొస్తే నీ మెడకే చుట్టుకుంటది, పడుకోబెట్టు అన్నారండి. పడుకోబెట్టాను."

మేడం పెన్ను రాస్తూనే ఉంది.

అప్పుడు తబితకి ఏడుపు వచ్చింది. సమాధి దగ్గర రానిది, చర్చిలో రానిది, ముక్కూ మొహం తెలియని మనుషుల మధ్య ఆ ఆఫీసు గదిలో వచ్చింది. కుర్చీ చెయ్యి పట్టుకుని, ఒళ్ళంతా కుదిలిపోతూ, దీవెనా దీవెనా అని ఏడ్చింది. ఎవరూ ఆపలేదు. ప్రతి ఎక్కిలికీ గుండెలో నొప్పి పుట్టింది, అంతా తెలుస్తోంది, ఏదీ దూరంగా లేదు.

అటెండరు పళ్ళెంలో టీ గ్లాసులు తెచ్చి, ఏడుస్తున్న మనిషిని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. శ్యాంబాబు అలవాటు కొద్దీ చెయ్యి చాపి ఒక గ్లాసు తీశాడు. రెండడుగులు వేసి ఆమె ముందు పట్టాడు.

"తాగు" అన్నాడు. "చల్లారిపోద్ది."

అన్నాక ఏమన్నాడో ఆయనకే వినపడింది. గ్లాసు పట్టుకున్న చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. బల్ల వెనకనుంచి మేడం తల ఎత్తి చూసింది.

తబిత కొంగుతో మొహం తుడుచుకుని అటెండరు వైపు తిరిగింది.

"కాసిని మంచినీళ్ళు ఇప్పించండి" అంది. "కుళాయి ఎక్కడో చెప్పండి, నేనే పట్టుకుంటాను."